ఎందుకని అడగకుండా అమ్మించిన ఇల్లు

తాండూరులో ఇరవై ఆరేళ్ళు ఇళ్ళు చూపించాను. కిరాయికి చూపించాను, అమ్మకానికి చూపించాను. ఇప్పుడు మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు కాబట్టి పని మానేసి, వికారాబాద్‌లో మా చెల్లెలి దగ్గర ఉంటున్నాను. పని మానేసినా కుదురు రాలేదు. ఏ గేటుకు 'టు లెట్' బోర్డు కనిపించినా కాళ్ళు ఆగిపోతాయి. ఈ ఇంటివాళ్ళు ఎక్కడికి పోతున్నారో, ఎందుకు పోతున్నారో, వాళ్ళను ఎవరైనా సరిగ్గా అడిగారో లేదో అని మనసు పీకుతుంటుంది.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఈ పనిలోకి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఊరు మారేటోళ్ళు వచ్చి ఇల్లు అమ్మాల్నా, కిరాయికియ్యాల్నా అని అడుగుతున్నరు. ఏం జెప్పాలె?" అంది. ఆ ప్రశ్నకు ఒకసారి నేను చాలా ధైర్యంగా జవాబు చెప్పాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

వెనక నడవడం

ఈ పనిలోకి నేను అనుకొని రాలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసేదాన్ని. ఖాజామియా అనే పెద్దాయన ఆ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని ఇళ్ళ బేరాలు నడిపేవాడు. బేరం ఆడేది మగవాళ్ళే అయినా, ఇల్లు నచ్చిందో లేదో తేల్చేది ఆడవాళ్ళని ఆయనకు తెలుసు. వాళ్ళతో మాట్లాడడానికి ఒక ఆడమనిషి కావాలని నన్ను పిలిచాడు.

మొదటి ఇల్లు చూపించిన రోజు నేను ముందు నడిచి, ఇది వంటిల్లు, ఇది పడకగది అని చెప్పుకుంటూ పోయాను. బయటికొచ్చాక ఖాజామియా నవ్వాడు. "పొయ్యిగద్దె జూస్తె వంటిల్లని ఎవరికన్న ఎర్కైతది బిడ్డా. నువ్వు ముందట నడువకు, ఎనుక నడువు. వాళ్ళు యాడ ఆగుతరో జూడు. ఆగినకాడ్నే అసలు ముచ్చట ఉంటది."

ఎండాకాలం మధ్యాహ్నమే ఇల్లు చూపించమనేవాడు. సాయంత్రం చల్లగాలికి ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. బండలు పరిచిన డాబా ఇంట్లో రెండు గంటల ఎండకు నిలబడితే గాని దాని సంగతి తెలియదు. నాపరాళ్ళకు పాలిష్ పట్టే మిషన్లు నడిచే వీధిలో ఇల్లయితే కిటికీ ఊచ మీద వేలితో గీసి, తెల్ల దుమ్మును నన్నే చూపించమనేవాడు. "దాస్తె ఇయ్యాల బేరమైతది. రేపు బజార్ల మొఖం దాసుకోవాలె."

ఆయనలో నాకు నచ్చనిది కూడా ఉంది. ఏదీ కాగితం మీద పెట్టేవాడు కాదు. నోటిమాటే పెద్ద దస్తావేజు అనేవాడు. ఆ నోటిమాటల వల్ల అన్నదమ్ముల్లాంటి ఇద్దరు పొరుగువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోవడం నేను కళ్ళారా చూశాను. ఆ విషయంలో మాత్రం నేను ఆయన దారిలో నడవలేదు. మంచివాళ్ళ మధ్యే కాగితం ఎక్కువ అవసరం. చెడ్డవాళ్ళు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు.

శాంతయ్య, ఎస్తేరు

శాంతయ్యది కుల్కచర్ల వైపు పల్లె. కరెంటు పని బాగా తెలిసినవాడు. మంచివాడు, తాగడు, పోట్లాడడు. కానీ ఒక చోట నిలవడు. కొన్నాళ్ళు పాలిషింగ్ యూనిట్లో మోటార్లు చూశాడు. అది వదిలి కొడంగల్‌లో దుకాణం పెట్టాడు. అదీ వదిలి తాండూరు పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. భార్య ఎస్తేరు మాత్రం ఈ తిరుగుళ్ళన్నిటిలో తాండూరు విడిచి కదలలేదు. రెండు గదులు, ముందు ఒక చిన్న గది, చుట్టూ నిలువు బండల గోడ ఉన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ముందు గదిలో ఆమె కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆ వాడలో పెళ్ళి జరిగితే బ్లౌజులు ఎస్తేరు దగ్గరికే వచ్చేవి. ఇల్లు కట్టిన డబ్బులో ఆమె కుట్టిందే ఎక్కువని నా అంచనా. కాగితం మాత్రం శాంతయ్య పేరు మీద ఉంది.

ఒక రోజు శాంతయ్య నా దగ్గరికి వచ్చి, మిర్యాలగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మంచి పని దొరికిందని, ఇల్లు అమ్మిపెట్టమని అడిగాడు.

"కిరాయికిస్తే?" అన్నాను. అది మామూలుగా అడిగే మాట.

"వద్దక్కా. ఇల్లు ఈడుంటే నా పానం ఈడ్నే కొట్టుకుంటది. రెండేండ్లయితే సాలు, నాకు కాలు నిలవదు. ఆ సంగతి నాకెర్క లేదా? అమ్మేస్తె ఎనుకకు ఉరుకనీకి జాగ ఉండదు. ఆడ్నే కుదురుగ పడి ఉంట."

ఆ మాట నాకు నచ్చింది. తన లోపం తనకు తెలిసిన మనిషి అనుకున్నాను.

నాలుగు రోజుల తరువాత మధ్యాహ్నం పూట ఎస్తేరు ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ముందు నా బ్లౌజు కొలతల గురించి మాట్లాడింది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది. కాసేపటికి అసలు మాట బయటికి వచ్చింది.

"అక్కా, నువ్వు జెప్తే ఆయన ఇంటడు. కిరాయికిస్తెనే మంచిదని ఒక్కమాట జెప్పు. ఇప్పుడు ధర లేదు, రెండేండ్లు ఆగితే పెరుగుతదని జెప్పు."

"ధర లేదని ఎట్ల జెప్పాలె ఎస్తేరూ? ఉన్నది గద. కొనెటోళ్ళు కూడా ఉన్నరు."

"అబద్ధమే జెప్పక్కా. ఏమైతది?"

"అబద్ధం నాతోని గాదు," అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి లేచిపోయింది.

అబద్ధం చెప్పలేదన్న గర్వం నాకు చాలా రోజులు ఉండింది. కిరాయికి కుదిరిస్తే నాకు వచ్చేది ఎంత, అమ్మిస్తే వచ్చేది ఎంత అన్న లెక్క ఆ నిజంలో ఎంత కలిసి ఉందో నేను తడిమి చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుంటే, సగానికి సగం ఉంది.

ఖాజామియాతో గొప్పగా చెప్పాను. ఆయన అప్పటికే బెంచీ మీదికి రావడం తగ్గించాడు. అంతా విని, "సచ్ బోలినవ్, సరే. ఆమె కిరాయికే ఎందుకు ఇయ్యాలంటుందో అడిగినవా?" అన్నాడు.

"ఇంటి మీద పాశం. ఇంకేముంటది?"

"అడిగినవా, నువ్వే అనుకున్నవా?"

నేను అడగలేదు. అప్పటికైనా వెళ్ళి అడగొచ్చు. వీధికి రెండు సందుల అవతలే ఉంది ఎస్తేరు. కానీ కొనేవాళ్ళు మరునాడు వస్తామన్నారు, నేను ఆ హడావిడిలో పడిపోయాను.

కొన్నది లతీఫ్ సాబ్. ఆయనకు చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది. భార్య జాహెదా ప్రభుత్వ బడిలో టీచర్. ఇల్లు చూసిన రోజు నేను పద్ధతి ప్రకారం వెనకే నడిచాను. జాహెదా ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర ఆగింది. "ఈడ వెలుతురు మస్తున్నది," అంది. ఎస్తేరు మిషన్ మీద గుడ్డ కప్పి పక్కకు జరిగింది. వాళ్ళు ఆగిన చోటు చూడమన్న గురువు మాట పాటించాను. పక్కకు జరిగిన మనిషిని చూడాలని మాత్రం నాకు తోచలేదు.

రిజిస్ట్రేషన్ రోజు సాక్షిగా రావలసిన మనిషి రాలేదు. శాంతయ్య ఎస్తేరు వైపు చూసి, "నువ్వే పెట్టు," అన్నాడు. ఆ ఇంటి అమ్మకం కాగితం మీద ఆమె సాక్షి సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటే, తొందర లేకుండా రాసింది. నేను తరువాతి కాగితం ఆమె ముందు పెట్టాను.

తాళం వేసిన ఇళ్ళు

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. ఊరు మారేవాళ్ళలో మూడో రకం ఉంటారు. అమ్మరు, కిరాయికివ్వరు, తాళం వేసి పోతారు. అది అన్నిటికంటే తప్పని నేను అందరికీ చెప్పేదాన్ని. మనిషి లేని ఇల్లు ముసలితనం లేకుండానే చస్తుంది. నల్లాలు బిగుసుకుపోతాయి, తలుపు చెక్క ఉబ్బుతుంది, డాబా మీద రాలిన ఆకులు తూముకు అడ్డంపడి మొదటి వానకే గోడలు తడిసిపోతాయి. కిరాయికివ్వడం భయమైతే అమ్మండి, అమ్మడం బాధైతే కిరాయికివ్వండి, తాళం మాత్రం వేయకండి అనేదాన్ని.

తాండూరులో నాకున్న రెండు గదుల ఇంటికి పోయిన ఏడాది నుంచి తాళమే వేసి ఉంది. మా చెల్లెలు రోజూ అడుగుతుంది. "ఊరందరికీ జెప్పినవ్ గదనే, నీదేం జేస్తవ్?" అంటుంది. చూద్దాం అంటాను. ఒక రోజు అమ్మేద్దాం అనిపిస్తుంది. మరునాటికి కిరాయికిద్దాం అనిపిస్తుంది. తాండూరు రైలు కూత వినబడితే, అక్కడికే తిరిగి పోదామా అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చి ఎటూ తేల్చుకోలేక గంటలు గంటలు కూర్చున్నవాళ్ళను లోపల్లోపల విసుక్కున్నాను. వాళ్ళందరికీ ఇప్పుడు మనసులో దండం పెట్టుకుంటున్నాను. ఇది లెక్క తెలియకపోవడం కాదు. మన రేపటి రోజు ఏ ఊళ్ళో ఉందో తెలియకపోవడం.

తిరిగి వచ్చినవాళ్ళు

రెండేళ్ళు నిండకముందే శాంతయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు మారాడని, కొత్తవాడితో పడలేదని, ఇల్లు అమ్మిన డబ్బుతో అక్కడ కొన్న ప్లాటు వచ్చిన ధరకు వదిలేసి వచ్చామని చెప్పాడు.

"కిరాయికి ఇల్లు గావాలక్కా. మా పాత వాడలనే అయితే ఎస్తేరుకు బట్టలొస్తయి."

పాత వాడలో ఖాళీ లేదు. రైలు పట్టాలకు అవతల రెండు గదులు చూపించాను. ముందు గది లేదు. ఎస్తేరు మిషన్‌ను మంచం పక్కన ఇరికించింది. నేను వెళ్ళిన రోజు పట్టపగలు లైటు వేసుకుని కుడుతోంది. నన్ను చూసి నవ్వింది, టీ పెట్టింది. అప్పుడు అడిగాను, రెండేళ్ళు ఆలస్యంగా.

"ఆ దినం కిరాయికే ఇయ్యాలని ఎందుకన్నవ్ ఎస్తేరూ?"

"ఆయన తిరిగొస్తడని నాకెర్కే అక్కా. యాడికి పోయినా రెండేండ్లే. ఇల్లు అమ్మితే నిలబడ్త అనుకున్నడు. ఇల్లుండబట్టే గదా అన్ని దినాలు తాండూరుల నిలబడ్డడు. గా మాట ఆయన మొఖం మీద ఎట్లంట? నువ్వు నిలవవు, మల్ల ఉరికొస్తవ్ అని మొగనికి జెప్తే ఆయన ధైర్యమేమైతది? అందుకే నీతోని అనిపిద్దామనుకున్న."

ఆమె అడిగింది అబద్ధం కాదు. మొగుడి మనసు నొప్పించకుండా ఒక నిజాన్ని అతనికి చేరవేయమంది. ధర సంగతి దానికి కప్పిన గుడ్డ మాత్రమే. ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే, శాంతయ్యకు చెప్పడానికి నాకు నిజమే వంద రకాలుగా దొరికేది. కొత్త ఊళ్ళో ఏడాది ఉండి చూసుకో, ఆ తరువాత అమ్ముదువుగాని అంటే సరిపోయేది. ఊరు మారే ఎవరికైనా చెప్పదగిన మాట అది. నేను చెప్పలేదు.

టీ తాగలేకపోయాను. పట్టాలు దాటి ఇంటికి నడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జాహెదా టీచర్

మూడు నెలలు గడిచాయి. లతీఫ్ సాబ్ కబురు పంపాడు. జాహెదాకు వికారాబాద్ బడికి బదిలీ అయింది. ఆయనకూ రాయి దుమ్ముతో దగ్గు పట్టుకుంది. వెనకటి రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళను వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గాలికి పంపేవాళ్ళు. ఆయన డాక్టరు కూడా దుమ్ము వదిలి అటువైపు పొమ్మన్నాడు. యూనిట్ మూసేశాడు.

"ఇల్లు ఏం జెయ్యాలె వసంతమ్మా? నాకైతే అమ్మేస్తె ఈ తలనొప్పి, ఝంఝట్ ఖతమ్ అనిపిస్తున్నది," అన్నాడు. "మా ఆవిడ కిరాయికిద్దామంటది. నువ్వేమంటవ్?"

అదే ప్రశ్న, అదే ఇల్లు. ఎస్తేరు వాళ్ళ దగ్గర అప్పటికి కొనేంత డబ్బు లేదు. అమ్మితే ఇల్లు ఇంకొకరి పాలవుతుంది. కిరాయికిస్తే ఎస్తేరు మళ్ళీ ఆ ముందు గదిలో కూర్చుంటుంది. కిరాయికివ్వడమే మేలు అనే మాట నాలుక చివరికి వచ్చింది. కానీ లతీఫ్ సాబ్‌కు ఏది మేలు? పని మూసేసిన మనిషి, మందులు వాడుతున్న మనిషి. ఆయనకు చేతిలో డబ్బు ఉంటేనే ధైర్యం. ఒకసారి చేసిన తప్పు దిద్దుకోవడానికి ఇంకొకరి నెత్తిన చెయ్యి పెట్టబోతున్నానా అనిపించింది. ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

మూడో రోజు వెళ్ళి ఇద్దరి ముందూ కూర్చున్నాను. ఎస్తేరు సంగతి మొదటి నుంచి చెప్పాను. గ్లాసు చేతిలో పట్టుకుని ఆమె అడిగిన మాట, నేనన్న మాట, సాక్షి సంతకం, అన్నీ చెప్పాను. "గందుకే నా సలహా తీసుకోకుండ్రి. నా మనసు ఒక దిక్కే ఒరిగి ఉన్నది," అన్నాను.

లతీఫ్ సాబ్ దగ్గుతూ కిటికీ వైపు చూశాడు. జాహెదా మాత్రం, "ఆమెను ఒకపారి తోలుకరా," అంది.

ఎస్తేరును తీసుకువెళ్ళాను. తన పాత ఇంట్లోకి వస్తూ ఏడుస్తుందేమో అని నాకు భయం. ఆమె అటూ ఇటూ చూడకుండా నేరుగా వెనక్కి వెళ్ళి నల్లా తిప్పింది.

"ఇంక సన్నగనే వస్తున్నయా నీళ్ళు?"

జాహెదా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "అచ్ఛా! ఈ పైపు ఏసింది మీరేనా? రెండేండ్ల సంది తిట్టుకుంటున్న నేను!"

"మా ఆయన ఏసిండు మేడం. కరెంటు పని తెలుసు గాని నీళ్ళ పని తెల్వదు. నేను గూడ తిట్టిన."

ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేనూ లతీఫ్ సాబ్ బయట కుర్చీల్లో కూర్చుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చాలాసేపటికి జాహెదా బయటికి వచ్చి భర్తతో అంది: "మూడేండ్లు కిరాయికుండనీ. నా జీతమైతె వస్తున్నది గదా. ఆ తర్వాత అమ్ముదాం. మొదలు ఈమెనే అడుగుదాం."

లతీఫ్ సాబ్ నా వైపు కోపంగా చూశాడు గాని కాదనలేదు. ఆ మాట కాగితం మీద రాయించింది నేనే. ధర ఎలా కట్టాలో కూడా అందులోనే రాయించాను. రాయించడం మంచిదైంది. మూడో ఏడు ఇంకొకరు వచ్చి ఎక్కువ ఇస్తామన్నప్పుడు ఆయన మనసు ఊగింది. కాగితం తీసి చూసుకుని ఆగిపోయాడు. "నీ ఒరుగుడు నాకు ఖర్చు తెచ్చింది వసంతమ్మా," అని నాతో అన్నాడు. అది నిజం. ఆ నష్టం ఆయనకు జరిగింది, నా వల్ల జరిగింది. ఒక తప్పు దిద్దితే దాని బరువు ఎక్కడో ఇంకొకరి మీద పడుతుంది. అది తెలిసి చెయ్యాలి.

ఎవరి పేరు

కొనే రోజు దగ్గర పడింది. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు, మూడేళ్ళు కుట్టిన డబ్బు, శాంతయ్య ఊళ్ళో మోటార్లు బాగుచేసి కూడబెట్టింది కలిపారు. కాగితాలు రాయించడానికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"నా ఒక్కదాని పేరు మీదనే రాయించక్కా," అంది ఎస్తేరు.

శాంతయ్య తల ఎత్తాడు. "నా పేరు ఎందుకొద్దు?"

"నీ పేరు మీదుంటే ఇల్లు గూడ నీతోటి తిరుగుతది."

మొదట నవ్వాడు. తరువాత నవ్వు ఆగిపోయింది. బల్ల మీద కాగితాలను తన వైపు తిప్పుకుని చూశాడు. నేను కలగజేసుకోలేదు. అప్పటికి ఆ మాత్రం నేర్చుకున్నాను. చివరికి, "రాయించక్కా. ఆమె జెప్పినట్లే రాయించు," అని బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

అందరూ అనుకున్నట్లే, ఆ తరువాత కూడా శాంతయ్య ఊళ్ళో నిలవలేదు. ఏడాది తిరక్కుండానే జహీరాబాద్‌లో ఏదో పని దొరికిందన్నాడు. నా ఇంటి తాళం తీసి చూసుకుందామని నేను తాండూరు వెళ్ళిన రోజే అతని ప్రయాణం. పలకరిద్దామని వాళ్ళింటికి వెళ్ళేసరికి బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎస్తేరు ముందు గదిలో మిషన్ ఆపకుండా కుడుతోంది. పెళ్ళి బట్టలు, తొందర పని.

"నువ్వు గూడ వస్తవా?" అన్నాడు, రాదని తెలిసినా.

"రాను."

"మరి పోతున్న."

మిషన్ ఆగింది. ఆమె లేచి గడప దాకా వచ్చింది.

"పోతున్న అంటరా ఎవరన్న? పోయొస్త అను."

అతను నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. బ్యాగు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పోయొస్త," అన్నాడు.